కాలేయములోని నీటితిత్తి: కత్తి లేని చికిత్స

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున మా శాఖ పక్షమున చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సమావేశములలో రోడ్లు, మంచినీరు, వీధిదీపములు, పన్నుల బాకీలు చర్చకు వచ్చును గాని, కాలేయములో పుట్టు తిత్తిని గురించి తీర్మానము ప్రతిపాదించిన సభ్యుని మేమింతవరకు చూడలేదు. అయినను నేడు మేము ఎన్నుకొన్న విషయము అదియే. కారణము చెప్పెదము. ఈ వ్యాధి బయటపడుట ఆసుపత్రి గదిలో. పుట్టుట మాత్రము ఊరిలో. కటికదుకాణము వెనుకను, జాతర ముగిసిన గుడి ముంగిటను, మంద విడిసిన బీటిలోను అది పుట్టును. నయము చేయుట వైద్యుల పని. పుట్టకుండ చేయుట చాలవరకు మీ పని. ఈ ప్రసంగములో మొదటిదానికే ఎక్కువ కాలము వినియోగింతుము. ఏలయన ఆ విషయమున గ్రామములందు భయము మెండుగాను, తెలివిడి కొద్దిగాను ఉన్నది.

వైద్యులు దీనిని హైడాటిడ్ వ్యాధి అందురు. మాంసపు దుకాణములో కార్జమని అడిగి పుచ్చుకొను అవయవమే కాలేయము. మేకకు, గొర్రెకు ఉన్నట్లే మనకును కుడివైపు ప్రక్కటెముకల క్రింద అది ఉన్నది. ఈ వ్యాధిలో ఆ కాలేయమునందు నీరు నిండిన సంచివంటి తిత్తి ఏర్పడి, ఏండ్ల తరబడి మెల్లగా పెరుగును. ఇది ఎక్కడనో పరదేశమున ఉండు వ్యాధి కాదు. కర్నూలు ప్రాంతములో దీని వ్యాప్తిని గురించి అక్కడి వైద్యులు పరిశీలన జరిపి, 1968లోనే భారత వైద్య పరిశోధనా పత్రికలో ప్రకటించిరి. గొర్రెలు, కుక్కలు, మనుష్యులు ఒక్కచోట కలిసి మెలగు రాయలసీమ మెట్టపల్లెలును, తెలంగాణములోని మందల పల్లెలును దీనికి అనువైన తావులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము ఏ సమయమున చూచినను లోకమునందు పది లక్షల మందికి పైగా ఈ జాతి పురుగుల వలన కలుగు వ్యాధులతో బాధపడుచున్నారు.

కుక్క, గొర్రె, మనిషి

ఈ తిత్తికి మూలము ఒక చిన్న బద్దెపురుగు. అది కుక్క ప్రేగులో కాపురముండును. పొడవు కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే, బియ్యపుగింజకు మించదు. ఒక్క కుక్కలో వేలకొలది పురుగులున్నను ఆ కుక్క చిక్కిపోదు, మూలుగదు, చూచువారికి అనుమానము కలుగనీయదు. పురుగు పెట్టు గ్రుడ్లు కంటికి కనబడవు. అవి కుక్క మలముతోపాటు వెలువడి గడ్డిలోను, నీటిలోను, మట్టిలోను కలియును. కుక్క బొచ్చునకును అంటుకొనియుండును. గొర్రెయో మేకయో ఆ గడ్డి మేసినచో గ్రుడ్డు దాని ప్రేగులో చిట్లి, లోని సూక్ష్మజీవి ప్రేగుగోడ తొలుచుకొని రక్తములో పడి కాలేయమునకు చేరును. అచ్చట తిత్తి అగును. ఆ గొర్రెను కోసినప్పుడు, తిత్తులున్న కార్జమునో ఊపిరితిత్తులనో పనికిరావని కుక్కకు విసరివేయుదురు. కుక్క తినును. తిత్తిలోని వందలకొలది పురుగు శిరస్సులు కుక్క ప్రేగును పట్టుకొని ఆరేడు వారములలో పెద్దవై మరల గ్రుడ్లు పెట్టును. చక్రము పూర్తియైనది.

ఈ చక్రములో మనిషికి నిజమునకు స్థానము లేదు. అతడు పొరపాటున ఇరుకుకొనినవాడు. కుక్కను నిమిరిన చేయి కడుగకుండ అన్నము తినిన పిల్లవాడు, మంద వెంట తిరుగు కాపరి, కడుగని ఆకుకూర నోట వేసికొనిన ఇల్లాలు, వీరిలో ఎవరైనను ఒక గ్రుడ్డును మ్రింగవచ్చును. మ్రింగినవారికి నూటికి 70 పాళ్లు కాలేయములోను, 20 పాళ్లు ఊపిరితిత్తులలోను, తక్కినవి ఇతర అవయవములలోను తిత్తి ఏర్పడును. చిన్ననాట మ్రింగిన గ్రుడ్డు ఫలితము నడివయస్సున కనబడుట కలదు.

ఇచ్చట రెండు అపోహలు తొలగింపవలసియున్నవి. కార్జము తినుట వలన ఈ తిత్తి వచ్చునని కొందరందురు. రాదు. తిత్తి ఉన్న కార్జమును మనిషి తినినను మనిషికి తిత్తి రాదు. కుక్క తినినచో కుక్కకు పురుగు వచ్చును. ఆ కుక్క వలన మనిషికి తిత్తి వచ్చును. తేడా చిన్నదిగా తోచినను, మనము చేయవలసిన పని అంతయు ఈ తేడాలోనే ఉన్నది. రెండవది, ఇది మనిషి నుండి మనిషికి అంటునను అపోహ. అంటదు. కడుపులో తిత్తి ఉన్నదని తెలిసి ఒక పిల్లకు కుదిరిన సంబంధము తప్పిపోయిన సంగతి ఒక పల్లెలో మేము వింటిమి. ఆ వరుని తల్లిదండ్రులకు ఈ రెండు మాటలు చెప్పువారు సకాలమున ఒక్కరును లేకపోయిరి. ఊరిలో అట్టి మాట పుట్టినప్పుడు కలుగజేసికొని చెప్పుటకు పంచాయతీ సభ్యునికున్న పరపతి మాకు లేదు.

కోయించుకొనకున్న బ్రతుకనా?

పత్తికొండ ప్రాంతమునందలి ఒక పల్లెలో ఆరోగ్య చలనచిత్ర ప్రదర్శన ముగిసిన పిదప, గొర్రెల కాపరి ఇంటి ఇల్లాలు ఒకతె తెరచాటున నిలిచి, జనము పలుచబడువరకు ఆగి, మా వద్దకు వచ్చినది. కుడిప్రక్క బరువుగా ఉన్నదని పట్టణములో పరీక్ష చేయింపగా కాలేయములో ఏడు సెంటీమీటర్ల తిత్తి ఉన్నదనిరట. దగ్గరి చుట్టము ఒకరు వెంటనే ఆపరేషను చేయింపవలెనని, ఇరువది గొర్రెలను అమ్ముటకు బేరము కూడ కుదిర్చినారట. వేరొక చుట్టము కడుపు తోమి గడ్డ కరగించువాని యొద్దకు కొనిపోవుదమని పట్టుపట్టినారట. "కోయించుకోకుంటే నేను బతుకుతానా సారూ?" అని ఆమె అడిగినది.

మేము వైద్యులము కాము. కాబట్టి, "అమ్మా, తోమించుకొనవద్దు, గొర్రెలను అమ్మవద్దు, ముందు ఆ తిత్తి ఏ దశలో ఉన్నదో చెప్పగల పెద్దాసుపత్రికి వెళ్లుము" అని మాత్రము చెప్పగలిగితిమి. వెళ్లినది. అచ్చటి వైద్యుడు అల్ట్రాసౌండు పరీక్ష మరల చేసి, తిత్తి గట్టిపడినదనియు, అందులోని పురుగు చాలవరకు చచ్చినట్లే ఉన్నదనియు, కత్తితో గాని సూదితో గాని పని లేదనియు, ఆరునెలలకొకసారి వచ్చి చూపించుకొనిన చాలుననియు చెప్పి పంపివేసెను. గొర్రెలు మందలోనే మిగిలినవి.

అందరి తిత్తియు అట్లే ఉండునని మేము చెప్పుట లేదు. ఆమె వలె మంచి వార్త అందుకొనువారును కలరు, వెంటనే ఆపరేషను చేయింపవలసినవారును కలరు. చికిత్సను నిర్ణయించునది తిత్తి పరిమాణమొక్కటియే కాదు, తిత్తి దశ కూడ. ఏడు సెంటీమీటర్లన్న అంకె విని గొర్రెలు అమ్మదలచినవారికి ఆ రెండవ మాట ఎవ్వరును చెప్పలేదు.

తిత్తి దశలు

పూర్వము కడుపులోని తిత్తిని కోసి చూచినగాని దాని స్వరూపము తెలిసెడిది కాదు. 1911లో కసోని అను ఇటలీ వైద్యుడు కనిపెట్టిన చర్మ పరీక్షను ఒక తరము వైద్యులు నమ్ముకొనిరి; అది తరచు తప్పుదారి పట్టించుటచే ఇప్పుడు దానిని విడిచిపెట్టినారు. దశలను బయటపెట్టినది అల్ట్రాసౌండు. గర్భిణీ స్త్రీలకు చేయు పరీక్షయే ఇది. నొప్పి లేదు, సూది లేదు. 1981లో ట్యునీసియా దేశపు వైద్యుడు గర్బీ, ఆయన సహచరులు అల్ట్రాసౌండు బొమ్మలను బట్టి తిత్తులను తరగతులుగా విభజించిరి. తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు దానిని సవరించి, ఒకటి మొదలు అయిదు వరకు దశలుగా ఏర్పరచిరి. నేడు లోకమంతట వైద్యులు ఆ సంఖ్యలతోనే మాటలాడుకొందురు.

మొదటి దశలో తిత్తి స్వచ్ఛమైన నీటితో నిండి, చుట్టును రెండు పొరల గోడతో గుండ్రముగా కనబడును. రెండవ దశలో తల్లితిత్తి లోపల పిల్లతిత్తులు పుట్టి తేనెపట్టువలె అగుపించును. ఈ రెండు దశలలోను పురుగు బ్రతికి చురుకుగా ఉన్నది. మూడవది నడిమి దశ. ఇందు రెండు విధములు కలవు. లోపలి పొర ఊడి నీటిలో తేలుచుండుట ఒక విధము. కొలనులో తేలు తామరాకు వలె ఉండుటచే వైద్యులు దానికి ఆ పువ్వు పేరే పెట్టిరి. గట్టిపడిన ముద్దలో అక్కడక్కడ పిల్లతిత్తులు మిగులుట రెండవ విధము. నాలుగవ దశలో నీరు లేదు. పొరలన్నియు ముడుచుకొని ఉన్నియుండ వలె చుట్టుకొనియుండును. గొర్రెల వలన వచ్చిన వ్యాధి కడపట ఉన్నియుండగా కనబడుట విచిత్రమే. అయిదవ దశలో గోడ సున్నము పట్టి రాయియగును. నాలుగు, అయిదు దశలు పురుగు నిద్రించిన లేక చచ్చిన దశలు.

ఒక్కమాట. కాలేయములో కనబడు ప్రతి నీటితిత్తియు కుక్కపురుగు తిత్తి కాదు. పుట్టుకతో వచ్చు సాధారణ తిత్తులు ఎందరికో ఉండును. వాని వలన సాధారణముగా హాని లేదు. రక్తపరీక్ష కొంత సహాయపడును గాని, వ్యాధి ఉన్నను రక్తములో కనబడని సందర్భములున్నవి. కనుక అనుభవము గల వైద్యుడు బొమ్మను, రక్తమును, రోగి వృత్తిని కలిపి చూచి నిర్ణయింపవలెను. రోగిని పంపునప్పుడు, "మా ఇంట మంద ఉన్నది, కుక్కలున్నవి" అని వైద్యునితో తప్పక చెప్పుమనుడు. అడుగనిదే చెప్పకూడదను మొగమాటము ఇచ్చట పనికిరాదు.

కనిపెట్టి చూచుట

కత్తి లేని పద్ధతులలో మొదటిది ఏమియు చేయకుండ కనిపెట్టి చూచుట. వినుటకు ఇది సోమరి వైద్యమువలె తోచును. కాదు. నాలుగు, అయిదు దశలలో ఉండి, నొప్పిని, కామెర్లను, జ్వరమును కలిగింపని తిత్తికి మందు వలన గాని కత్తి వలన గాని లాభము లేదు. నష్టము మాత్రము ఉండవచ్చును. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలలో ఈ వ్యాధికి ఆపరేషను చేయించుకొనినవారిలో సగటున నూటికి రెండుకు కొంచెము పైగా మరణించుచున్నారు. చికిత్స పొందినవారిలో నూటికి ఆరేడుగురికి వ్యాధి తిరుగబెట్టుచున్నది. అవసరమున్నచోట ఆ అపాయమును ఎదుర్కొనవలసినదే. అవసరము లేనిచోట ఎందులకు?

అయితే కనిపెట్టి చూచుటయనగా మరచిపోవుట కాదు. మొదట ఆరునెలలకొకసారి, పిదప ఏడాదికొకసారి చొప్పున ఏండ్ల తరబడి అల్ట్రాసౌండు చేయించుకొనవలెను. నిద్రించినదనుకొన్న తిత్తి మేలుకొనుట అరుదైనను కలదు. మన పల్లెలలో తప్పిపోవునది ఈ భాగమే. నొప్పి లేనప్పుడు ఛార్జీలు పెట్టుకొని పట్టణమునకు పోవు వారెందరు? ఊరి ఆశా కార్యకర్త పుస్తకములో ఆ పేరు, మరల చూపవలసిన నెల వ్రాసియుంచినచో మేలు. ఆ పుస్తకమును ఏడాదికొకసారి పంచాయతీ సమావేశములో తెప్పించి చూచుట సభ్యులకు పెద్ద శ్రమ కాదు.

మాత్రలు

రెండవ పద్ధతి ఆల్బెండజోల్ మాత్రలు. ఈ పేరు మీకు క్రొత్త కాదు. 2015 నుండి జాతీయ నులిపురుగుల నివారణ దినమున బడులలోను, అంగన్వాడీలలోను పిల్లలచే మ్రింగించునది ఈ మాత్రయే. అందువలననే ఒక చిక్కు వచ్చినది. "మా పిల్లవాడు బడిలో మాత్ర మ్రింగినాడు, ఇక వానికి తిత్తి రాదు" అని తలంచువారు బయలుదేరిరి. బడిలో మ్రింగు ఒక్క మాత్ర ప్రేగులోని నులిపురుగులకు మాత్రమే. కాలేయములోని తిత్తికి ఆ ఒక్క మాత్ర సోకనే సోకదు. ముందు రాకుండను కాపాడదు.

తిత్తికి ఇచ్చు విధానము వేరు. శరీరపు బరువు కిలోకు దినమునకు 10 మొదలు 15 మిల్లీగ్రాముల చొప్పున, రెండు పూటలుగా విభజించి ఇత్తురు. సుమారు 60 కిలోల మనిషికి ఉదయము 400, సాయంకాలము 400 మిల్లీగ్రాములు పడును. నూనెయో నెయ్యియో గల భోజనముతో మ్రింగినగాని మందు రక్తములోనికి చాలినంత చేరదు. పరగడుపున మ్రింగినచో చాలవరకు వ్యర్థము. పథ్యమని చప్పిడి మెతుకులతో ఈ మాత్ర వేయించు పెద్దలు ఇది గమనింపవలెను. మందును మూడు మొదలు ఆరు నెలలు ఎడతెగక వాడవలెను. పూర్వము నెల వాడి పక్షము రోజులు మానుమనెడివారు. ఇప్పుడు ఆ విరామము వద్దనుచున్నారు.

ఏ తిత్తికి ఇది తగును? అయిదు సెంటీమీటర్లకు లోబడి, మొదటి దశలోనో, తామరాకు తేలు మూడవ దశలోనో ఉన్న తిత్తికి. మొదటి దశ తిత్తులలో ఏడాది రెండేండ్లకు నూటికి 50 మొదలు 75 వరకు నిద్రాణస్థితికి వచ్చునని పలుదేశముల అనుభవములను కూర్చి చూచిన పరిశోధకులు చెప్పిరి. పిల్లతిత్తులున్న దశలో ఫలితము అంతకంటె తక్కువ. నయమైనట్లు కనబడిన వానిలో కొన్ని తిరుగబెట్టుటయు కలదు. కనుక మాత్రలు ముగిసినంత మాత్రమున చూపించుకొనుట ముగియదు.

ఈ మందు నిరపాయమని ఎవ్వరును అనుకొనరాదు. కొందరికి కాలేయము వాచును, రక్తములో తెల్లకణములు తగ్గును, జుట్టు రాలును. అందుచే వాడుచున్నంత కాలము నియమముగా రక్తపరీక్షలు చేయింపవలెను. గర్భిణులకు, ముఖ్యముగా తొలినెలలలో, ఇది తగదు. వాడుచున్న స్త్రీ గర్భము ధరింపకుండ జాగ్రత్తపడవలెను. పెద్దదై చిట్లుటకు సిద్ధముగా ఉన్న తిత్తికి మాత్రలు మాత్రమే ఇచ్చి కూర్చుండుటయు పనికిరాదు. మందుల దుకాణములో మాత్రలు చౌకగా దొరకును కదాయని తమంత తాము కొని నెలల తరబడి మ్రింగుట ప్రమాదకరము.

సూదితో నీరు తీయుట

మూడవ పద్ధతి సూది. దీని కథ కొంత వివరముగా చెప్పదగినది.

హైడాటిడ్ తిత్తిని సూదితో పొడువరాదని వైద్య విద్యార్థులకు తరతరములుగా కంఠపాఠము చేయించిరి. తిత్తిలోని నీరు కడుపులోనికి కారినచో రెండు గండములు. ఒంటికి పడక రోగి క్షణములలో రక్తపుపోటు పడిపోయి ప్రాణాపాయ స్థితికి రావచ్చును; ఆ నీటిలోని పురుగు శిరస్సులు కడుపంతట చల్లుకొని ఒక్క తిత్తికి బదులు పది తిత్తులు కావచ్చును. ఈ భయము నిరాధారము కాదు. అయినను 1980 దశాబ్ది నడుమ ట్యునీసియా వైద్యులు మొదట గొర్రెలలో పరీక్షించి, పిదప మనుష్యులలో ప్రయోగించి, తగిన జాగ్రత్తలతో పొడువవచ్చునని 1986లో చూపిరి. ఈ విధానములోని నాలుగు పనుల ఆంగ్లపదముల మొదటి అక్షరములు కలిపి దీనికి పెయిర్ అని పేరు వచ్చినది.

ఆ నాలుగు పనులివి. అల్ట్రాసౌండు తెరపై చూచుచు, చర్మము మొద్దుబార్చి, కాలేయపు కండ గుండా తిత్తిలోనికి సన్నని సూది పంపుదురు. నీటిని లాగుదురు. లాగిన నీటిలో పైత్యరసము కలిసియున్నదేమో వెంటనే పరీక్షింతురు. కలిసియున్నచో అంతటితో ఆగి మరియొక మార్గము చూతురు, ఏలయన పైత్యనాళములలోనికి మందు పోయినచో అవి శాశ్వతముగా చెడును. లేనిచో గాఢమైన ఉప్పునీటినో, ఆల్కహాలునో తిత్తిలోనికి ఎక్కించి 10, 15 నిమిషములు ఉంచి పురుగును చంపుదురు. మరల దానిని లాగివేయుదురు. సూదికి ముందును, తరువాత కనీసము ఒక నెలయు ఆల్బెండజోల్ ఇత్తురు. మత్తు వైద్యుడును, అత్యవసర మందులును ప్రక్కనే సిద్ధముగా ఉండవలెను. అయిదు సెంటీమీటర్లకు మించిన మొదటి దశ తిత్తికి, తామరాకు దశ తిత్తికి ఇది తగిన చికిత్స. ఊపిరితిత్తులలోని తిత్తికి ఎంతమాత్రము తగదు.

మన దేశములో దీనికి గట్టి ఆధారము కల్పించినది కాశ్మీరము. అదియు గొర్రెల సీమయే కదా. శ్రీనగరమునందలి షేర్-ఇ-కశ్మీర్ వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టరు మహమ్మద్ సుల్తాన్ ఖురూ, ఆయన సహచరులు కాలేయపు తిత్తి గల 50 మంది రోగులను చీట్లు వేసినట్లు రెండు భాగములు చేసి, 25 మందికి సూదితోను మాత్రలతోను, 25 మందికి కత్తితోను చికిత్స జరిపిరి. ఫలితములను 1997లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రకటించెను. సూది పొందినవారు సగటున నాలుగు దినములు, ఆపరేషను పొందినవారు సుమారు పదమూడు దినములు ఆసుపత్రిలో ఉండిరి. తిత్తి పూర్తిగా మాయమైనవారు సూది పక్షమున 22 మంది, కత్తి పక్షమున 18 మంది. జ్వరము మొదలగు చిక్కులు కలిగినవారు మొదటి పక్షమున 8 మంది, రెండవ పక్షమున 21 మంది. కూలికి పోవు మనిషికి నాలుగు దినములకును పదమూడు దినములకును గల తేడా ఎంతయో మీకు మేము చెప్పనక్కరలేదు.

ఇక ప్రాణభయము మాట. ప్రపంచమున ప్రకటితమైన సుమారు 6,000 సూది చికిత్సలను 2011లో కూర్చి చూడగా, ఒంటికి పడని లక్షణములు కలిగి చికిత్సతో కోలుకొన్నవారు నూటికి ఇద్దరికి లోపు. ప్రాణము పోయినవారు ఇద్దరు. అపాయము సున్న కాదు. అందుకే ఇది అనుభవము గల పెద్దాసుపత్రిలో మాత్రమే జరుగవలెను. చిన్న ఊరి వైద్యశాలలో, తిత్తి ఏమిటో నిర్ధారణ కాకుండ, "నీరు తీసి చూతము" అని సూది దింపుట పూర్వపు గండమును మరల పిలుచుటయే.

కత్తి తప్పనిచోట

కత్తి లేని చికిత్సను గురించి ఇంతసేపు చెప్పితిమి గనుక, కత్తిని ఎవ్వరును తిట్టిపోయకుందురుగాక. చిట్లిన తిత్తికి, చీముపట్టిన తిత్తికి, పైత్యనాళములోనికి తెరుచుకొనిన తిత్తికి, పిల్లతిత్తులతో క్రిక్కిరిసిన పెద్ద తిత్తికి, కాలేయపు పైభాగమున దెబ్బ తగిలిన చిట్లునట్లున్న తిత్తికి శస్త్రచికిత్సయే దారి. కడుపులో హఠాత్తుగా తీవ్రమైన నొప్పి, ఒళ్లంతట దద్దుర్లు, ఊపిరాడకపోవుట, కామెర్లతో చలిజ్వరము — వీనిలో ఏది కనబడినను 108 బండిని పిలువవలెను, మరునాటికి ఆగరాదు. తిత్తి ఉన్నదని తెలిసినవారు కడుపు తోమించుకొనుట, కాలితో త్రొక్కించుకొనుట, వాతలు వేయించుకొనుట వెంటనే మానవలెను. తోముడు వలన గడ్డ కరుగదు; చిట్లును.

పంచాయతీ చేయదగినది

డెన్మార్కు దేశపు పశువైద్య శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ క్రాబె 1863లో ఐస్లాండు ద్వీపమునకు వెళ్లెను. అది గొర్రెల దేశము. ఈ తిత్తుల వ్యాధి అచ్చట ఇంటింట ఉండెడిది. ఆయన 100 కుక్కలను కోసి పరీక్షింపగా 28 కుక్కలలో ఈ పురుగు కనబడెను. మరుసటి సంవత్సరము ఆయన ప్రజల భాషలో ఒక చిన్న పుస్తకము వ్రాయగా, దానిని ముద్రించి ఉచితముగా ఇంటింటికి పంచిరి. ప్రచారశాఖలో ఉద్యోగము చేయు మాకు ఆ చిన్న పుస్తకమునందు గల అభిమానము మీరు గ్రహింపగలరు. ప్రజలు చదివిరి, దీర్ఘమైన చలికాలపు రాత్రులలో బిగ్గరగా చదువుకొను అలవాటు వారికి ఉండెను. 1869లో కుక్కలను గురించి చట్టమును వచ్చెను. క్రమముగా ఆ దేశమున వ్యాధి అంతరించినది. న్యూజీలాండు 1959లో ప్రత్యేక చట్టము చేసి, కుక్కలకు మందు ఇచ్చుచు, పచ్చి కార్జమును కుక్కలకు వేయుట మాన్పించి, 2002లో వ్యాధి నుండి బయటపడితిమని ప్రకటించుకొనినది. ఈ దేశములేవియు వ్యాధిని మాత్రలతోను సూదులతోను తొలగింపలేదు. కుక్క నోటికి కార్జము అందకుండ చేసి తొలగించినవి.

మన ఊళ్లలో ఆ పని ఎక్కడ తప్పుచున్నది? కటికదుకాణమున దినమునకు ఒకటి రెండు గొర్రెలు తెగును. దాని వెనుక నాలుగు కుక్కలు నిత్యము కాచుకొనియుండును. జాతర నాడు వేటలు పదులు, వందలుగా తెగును. ఊరి కుక్కలన్నియు, ప్రక్క ఊరి కుక్కలును చేరును. మందలో ఒక గొర్రె రోగముతో చచ్చినచో బీటిలోనే పారవేయుదురు. ఈ మూడు చోట్లను చూచినచో చాలవరకు పని అయినట్లే.

దుకాణదారుని కోపగించుకొనుట వలన ప్రయోజనము లేదు. అతనికి గొయ్యి త్రవ్వుటకు స్థలము చూపవలెను. ఆంధ్రప్రదేశములో 1994 నాటి పంచాయతీరాజ్ చట్టమును, తెలంగాణములో 2018 నాటి చట్టమును పశువధను, మాంసపు దుకాణములను క్రమపరచు అధికారము గ్రామపంచాయతీకి ఇచ్చినవి. అనుమతి పత్రము ఇచ్చునప్పుడే మూతగల గొయ్యి ఉండవలెనను నిబంధన వ్రాయవచ్చును. గొయ్యి మోకాలిలోతు చాలదు, కుక్క ఒక్క రాత్రిలో తవ్వును. నడుములోతు వలయును, పైన మట్టితోపాటు రాళ్లు కప్పవలెను. జాతరకు వారము ముందే గుడి సమీపమున గొయ్యి త్రవ్వించి, పూజారిచేతను, డప్పు చాటింపుచేతను చెప్పించినచో జనము వినుదురు. తిత్తులున్న కార్జమును కుక్కకు వేయవలసియే వచ్చినచో ముక్కలు చేసి 30 నిమిషములు బాగుగ ఉడికింపవలెను. అంతసేపు మరగినగాని పురుగు శిరస్సులు చావవని పరీక్షలలో తేలినది.

వీధికుక్కలను చంపింపుడని కొందరు సభ్యులు మమ్ము అడుగుదురు. అది చట్టసమ్మతము కాదు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమముల ప్రకారము వానిని పట్టి, సంతాన నిరోధక శస్త్రచికిత్స, పిచ్చికుక్కవ్యాధి టీకా చేయించి, పట్టిన చోటనే విడువవలెను. పట్టినప్పుడే పురుగుమందు కూడ వేయించుట తేలిక పని. పశువైద్యాధికారితో ముందే మాటలాడుకొనవలెను.

మందకుక్కలకును, ఇంటికుక్కలకును ప్రాజిక్వాంటెల్ అను మాత్ర ఉన్నది. కుక్క బరువు కిలోకు 5 మిల్లీగ్రాముల చొప్పున, అనగా 10 కిలోల కుక్కకు 50 మిల్లీగ్రాములు, ముద్దలో పెట్టి తినిపింపవలెను. ఇది ప్రేగులోని పురుగును చంపును గాని, కుక్క మరల పచ్చి కార్జము తినినచో పురుగు మరల వచ్చును. అందుచే ఆరు వారములకొకసారి ఇచ్చుట ఉత్తమము. సంవత్సరమునకు నాలుగు మారులకు తగ్గకూడదు. మాత్ర పురుగునే చంపును, గ్రుడ్డును చంపదు. కనుక మాత్ర వేసిన కుక్కను రెండు దినములు కట్టివేసి, ఆ రెండు దినముల మలమును చేతితో తాకకుండ పారతో ఎత్తి, కాల్చియో లోతుగా పూడ్చియో వేయవలెను. పిమ్మట పారమీద మరగకాగిన నీళ్లు పోసి, చేతులు సబ్బుతో కడుగుకొనవలెను.